కొన్నమ్మ

నన్ను చాటెడు తవుడుకు అమ్మారు. అదీ మంచి తవుడు కాదట, సగానికి పైగా ఊకేనని మా అవ్వ బతికినన్నాళ్ళూ సణుగుతూనే ఉండేది. బేరం కుదిర్చింది తనే కాబట్టి, ఆ సణుగుడు ఎవరి మీదో నాకెప్పుడూ అర్థం కాలేదు. నేను మాట వినకపోతే చాలు, "తవుడుకు పోయినదానివి, నీకింత పొగరేందే" అనేది.

ఈ వయసులో, నన్ను నిలబెట్టిన మనుషులందరినీ ఒక్కసారి తలుచుకుని దండం పెట్టుకోవాలనిపిస్తుంది. తలుచుకోవాల్సినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఎవరితో మొదలుపెడదామన్నా ఆ చాట పట్టుకుని ఒక మనిషి అడ్డంగా వచ్చి నిలబడుతుంది. ఆమె సంగతి తేలిస్తే గానీ మిగతావాళ్ళ దగ్గరికి పోనివ్వదు. అది తేల్చడం నాకు సుఖమైన పని కాదు, అందుకే ఇన్నేళ్ళూ దాటవేస్తూ వచ్చాను.

ప్రొద్దుటూరులో మా నాయన బడిలో అయ్యవారు. మా వైపు పంతులును అలాగే పిలుస్తారు. నాకు ముందు మా అమ్మకు పుట్టిన బిడ్డలెవరూ పురుడు దాటి బతకలేదు. అలాంటి ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే ఆ బిడ్డను వేరే ఇంటివాళ్ళకు అమ్మేసే ఆచారం ఒకటి ఉండేది. ఈ తల్లి బిడ్డల కోసం కాచుకుని ఉన్న చావు గుమ్మందాకా వచ్చి, ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు కదా అనుకుని వెనక్కి పోతుందని నమ్మకం. ధర ఎంత తక్కువైతే అంత మంచిది. తవుడుకు వచ్చిన బిడ్డను ఎవరు పట్టించుకుంటారు?

పురిటిస్నానం కాగానే మా అవ్వ నన్ను చాటలో పడుకోబెట్టి పెరట్లో పెంటకుప్ప మీద పెట్టింది. మా వీధి చివర దూది ఏకే సాయిబుల ఇల్లు ఉండేది. మొగుడు విల్లు పట్టి దూది ఏకుతాడు, పెళ్ళాం పరుపులు, దిండ్లు కుడుతుంది. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ ఇంటామె వచ్చి, తెచ్చిన తవుడు మా అమ్మ ముందు పోసి, నన్ను చాటతో సహా ఎత్తుకుని వెళ్ళిపోయింది. మా అమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చిందట. ఉత్తుత్తి అమ్మకమని తెలిసి కూడా ఏడ్చింది. పొద్దువాలే వేళకు ఆమె నన్ను తిరిగి తెచ్చి మా అమ్మ ఒళ్ళో పెట్టి, "అయ్యోరమ్మా, నా బిడ్డను నీకాడ పెట్టి పోతాండా, సాకు" అని చెప్పింది. ఆచారం ప్రకారం అనాల్సిన మాటే అది. కానీ ఆమె అన్న తీరులో ఆచారం ఏమీ లేదని, నిజంగానే అప్పగించినట్టుగా ఉందని మా అమ్మ చెప్పేది.

నేను బతికాను. కన్నది అమ్మ, కొన్నది ఆమె. మాటలు వచ్చేటప్పటికి నేను ఆమెను కొన్నమ్మా అని పిలుస్తున్నానట. నేర్పింది ఎవరో తెలియదు, వీధి వీధంతా నవ్విందట. మా అమ్మ మాత్రం నవ్వలేదు, ఆమెను అక్కా అనడం మొదలుపెట్టింది.

నేను ఆ ఇంట్లోనే ఎక్కువగా పెరిగాను. కొన్నమ్మ నాకు ఉడికినదేదీ పెట్టేది కాదు. వేరుశనక్కాయలు ఒలిచి, బెల్లంముక్క చేతిలో పెట్టి, "నా బిడ్డవే గానీ కూడు మాత్రం మీ ఇంటిది తినాల, మీ నాయనకు మాట రాకూడదు" అనేది. తవుడూ అని పిలిచేది నన్ను. "ఏమ్మే తవుడూ, ఈ పొద్దు యాడికి పోయినావు, కండ్ల పడల్యా?" అని అడిగితే నాకు ఒళ్ళంతా చక్కిలిగింతగా ఉండేది. ఆ ఇంటికి పోలేదని బొంకడానికి వీల్లేదు, నా జుట్టు నిండా దూదిపింజలే కదా. మా అవ్వ నన్ను పెరట్లోనే ఆపి, నెత్తిమీద నీళ్ళు కుమ్మరించి, అప్పుడు లోపలికి రానిచ్చేది. ఆమె బిడ్డగా బతకాలి, ఆమెను తాకినందుకు మాత్రం నీళ్ళు పోసుకోవాలి. అప్పుడు నాకది వింతగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే కోపం వస్తుంది.

నా పెళ్ళి కుదిరేనాటికి కర్నూల్లో గుడారాలు వేసి కొత్త రాజధాని నడుపుతున్నారు. పెళ్ళికొడుకుది పులివెందుల, తాలూకా కచేరీలో గుమాస్తా. తాంబూలాలు పుచ్చుకున్న రోజున మా అవ్వ ఊరుకోక, పిల్ల ఎలా బతికి బట్టకట్టిందో గొప్పగా చెప్పుకుంది. పెళ్ళికొడుకు తరఫు పురోహితుడు చేతిలో ఉన్న తమలపాకు కింద పెట్టేశాడు.

"మళ్ళీ కొనుక్కున్నారా?" అని అడిగాడు.

లేదు అన్నాడు మా నాయన.

"అట్లయితే కన్యాదానం ఎట్లప్పా చేస్తావు? దానమంటే తన సొత్తు ఇచ్చేది. అమ్మేసిన బిడ్డ నీదెట్లయితాది?"

మా నాయన వ్యాకరణం చదువుకున్న మనిషి, వాదనలో గట్టివాడు. అదంతా లాంఛనమే కదా అన్నాడు. "లాంఛనమైతే మళ్ళీ కొనుక్కునేదీ లాంఛనమే, దానికేం తక్కువ? చేసెయ్యండి" అన్నాడు పురోహితుడు. నాయన సరే అన్నాడు. తవుడు తిరిగి ఇచ్చి, ఆ కొన్నామె చేత అందరి ముందు "ఇచ్చేసినా" అనిపించాలని తేల్చారు.

మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని కొన్నమ్మ ఇంటికి పోయింది. ఆమె పెళ్ళిపరుపు కుడుతోంది, నాకే. సంగతి విని సూది ఆపలేదు.

"వస్తా, నిలబడతా. తవుడు పట్టుకోమంటే పట్టుకుంటా. ఆ మాట మాత్రం నా నోట రాదు అయ్యోరమ్మా."

"ఉత్త మాటే గదక్కా."

"ఉత్త మాటతోనే గదా బతికింది ఈ పిల్ల. ఆ మాట తీసేస్తే ఏమైతాదో నీకు తెలుసా? నాకు తెల్దు. నేను అనను."

మా అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆమెకూ అదే భయమని నాకు అప్పుడే తెలిసింది. దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. అటు చూస్తే మా నాయన మాట, ధర్మం, పెళ్ళి. ఇటు చూస్తే నా ప్రాణం. మా అమ్మ రెండింటినీ నమ్మింది, ఆమె కష్టం అదే.

పెళ్ళినాడు కన్యాదానానికి ముందు కొన్నమ్మ వచ్చి గడప బయట నిలబడింది. ఉతికిన చీర కట్టుకుంది, నుదుటి దగ్గర జుట్టులో ఒక దూదిపింజ మాత్రం మిగిలే ఉంది. మా అమ్మ చాటెడు తవుడు ఇచ్చింది, ఆమె కొంగు పట్టి పోయించుకుంది. పురోహితుడు, "ఇచ్చేసినా అని ముమ్మారు చెప్పమ్మా" అన్నాడు. నాదస్వరం వాయించేవాళ్ళను ఎవరో చేత్తో ఆపారు. ఆమె నా వైపు చూసింది.

"పోయిరా తల్లీ. పోయిరా. పోయిరా."

పురోహితుడు ఒక్క నిమిషం తటపటాయించాడు. కానీ ఏమని తప్పు పడతాడు? ఆడపిల్లను సాగనంపేటప్పుడు మాలో ఎవరూ పో అనరు. పోయిరా అనే అంటారు, మళ్ళీ రావాలని ఉన్నా లేకున్నా. ఆయన తల ఊపి సన్నాయివాళ్ళకు సైగ చేశాడు. పందిట్లో అందరూ అది సాగనంపే మాట అనుకున్నారు. ఆమె ఇవ్వలేదనీ, పంపించిందనీ తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఆమె, మా అమ్మ, పీటల మీద తల వంచుకుని కూర్చున్న నేను. మా నాయన నా చేతిని పెళ్ళికొడుకు చేతిలో పెట్టి నీళ్ళు వదులుతుంటే ఈయన ఇస్తున్నది ఈయనది కాదు అనుకున్నాను. చెల్లని పెళ్ళి చేసుకుంటున్నానా అని భయం. ఆమె ఆ మాట అనలేదు కదా, ఇక బతుకుతానులే అని ఓ పక్క ధైర్యం. ఈ రెండూ మూటకట్టుకుని పులివెందుల బస్సెక్కాను.

మా అత్త చెడ్డమనిషి కాదు. మొదట్లో నన్ను బాగానే చూసింది. కొన్నమ్మ కుట్టిన పరుపును ఎండలో వేసి, ఇంత మెత్తటి పరుపు ఈ ఊళ్ళో ఎవరింట్లో ఉందని వచ్చినవాళ్ళకు చూపించేది. నా మొదటి బిడ్డ పుట్టీ పుట్టగానే పోయింది. మా అమ్మ వచ్చి, ఆ దుఃఖంలో గుండె పట్టలేక, "ఆమె ఆ మాట అనలేదు వదినా, అందుకే ఇట్లయిందేమో" అని మా అత్త దగ్గర ఏడ్చింది. ఏడవడానికి వచ్చి నా సంసారంలో నిప్పు పెట్టి పోయింది మా అమ్మ. ఆమెను తప్పు పట్టలేను. అన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా మోసింది కదా.

ఆనాటి నుంచి మా అత్త నన్ను చూసే చూపు మారింది. కొట్టడం, తిట్టడం లేదు. వంట చేస్తుంటే పక్కకొచ్చి నిలబడి, "అయితే నువ్వు మాదానివి కాదంటావు" అనేది. నేను ఏమంటాను? నా భర్త నెమ్మదస్తుడు. ఇట్లాంటివి పట్టించుకోవద్దనేవాడు, పట్టించుకోవద్దని వాళ్ళమ్మకు మాత్రం చెప్పేవాడు కాదు. మధ్యాహ్నాలు ఆ పరుపు మీద పడుకుని, నేనెవరిదాన్ని అని ఏడ్చిన రోజులున్నాయి. కొన్నమ్మ మీద కూడా కోపం వచ్చేది. ఒక్క మాట అనేస్తే పోయేది కదా అనిపించేది. అనేస్తే నేనే పోతానేమోనని మళ్ళీ భయం.

రెండోసారి కడుపు వచ్చేనాటికి రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, కొన్నమ్మ జమ్మలమడుగుకు తరలిపోయింది. మొగుడు చనిపోయాక అక్కడ తమ్ముడి ఇంటి పక్కన చిన్న కొట్టం వేసుకుని దిండ్లు కుట్టుకుంటోంది. మిషన్ ఆసుపత్రి ఉన్నది ఆ ఊళ్ళోనే. మొదటిసారి జరిగింది చూసిన మా నాయన, ఈసారి పురుడు అక్కడే అని పట్టుబట్టాడు.

నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగింది. నా భర్త రాలేదు. జమాబందీ రోజులు, తాలూకా లెక్కలన్నీ పైఅధికారి తనిఖీ చేసే సమయం, సెలవు ఇవ్వలేదు. మా నాయన దారిలో ఉన్నాడు. వరండాలో మా అమ్మ, మా అత్త ఉన్నారు. కబురు అందగానే కొన్నమ్మ సూది దారం కొంగుకు గుచ్చుకునే వచ్చేసింది. నేను లోపల మంచం మీద ఉన్నాను. గదికీ వరండాకీ మధ్య గుడ్డతెర ఒక్కటే అడ్డం. మిట్టమధ్యాహ్నం, బయటి వేడిగాలికి ఆ తెర లోపలికీ బయటికీ ఆడుతోంది. నాకు ప్రతి మాటా వినపడింది. వినపడనిచోట మా అమ్మ తరువాత చెప్పింది.

డాక్టరమ్మ తెల్లదొరసాని. వచ్చీరాని తెలుగులో, కడుపు కోసి బిడ్డను తీయాలి, ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు, కోసినా ఇద్దరూ దక్కుతారని చెప్పలేను అంది. కొయ్యమంటారా అని అడిగింది.

మా అత్త కొన్నమ్మ వైపు తిరిగింది. "ముందు ఆ మాట చెప్పమ్మా. ఇచ్చేసినా అని ఒక్క మాట. ఈ పిల్ల మాదో కాదో తేలకుండా కత్తి పెట్టిస్తే రెండు పానాలూ పోతాయి. ఒకటి పోగొట్టుకున్యాం. నీకు చేతులెత్తి మొక్కుతా."

"నువ్వు మొక్కగాకమ్మా. ఆ మాటంటే నా బిడ్డ పోతాది."

"అనకుంటే నా మనవడు పోతాడు."

ఇద్దరూ ఏడుస్తున్నారు. ఇద్దరివీ నిజమైన ఏడుపులే. ఆ మంచం మీద నాకు వాళ్ళిద్దరినీ లేచి కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఎవరిదాన్నయితే ఏం, నన్ను బతికించండి అని అరవాలనుకున్నాను, అంతలో ఇంకో నొప్పి వచ్చింది.

"ఈమె సొంతమనిషి ఎవరు? త్వరగా చెప్పండి" అంది డాక్టరమ్మ.

మా అత్త నోరు విప్పలేదు. డాక్టరమ్మ మా అమ్మను చూసింది. నా కన్నతల్లి, నా కోసం ప్రాణమైనా ఇచ్చే మనిషి, తల వంచుకుని, "మేం దానం చేసేసినాం తల్లీ. ఇచ్చేసినదాని మీద మాకేం హక్కుంది? అత్తగారు చెప్పాల" అంది. అలా పెంచారు మా అమ్మను. వియ్యపురాలి ముందు కూతురి గురించి నోరు ఎత్తకూడదని. ఆ మాట విన్నప్పుడు, ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు కొన్నమ్మ గొంతు వినపడింది.

"నాకుంది హక్కు. నేనియ్యలేదు గదా."

ఆమె డాక్టరమ్మ ఎదుటికి వచ్చి నిలబడిందట.

"నేను తల్లిని. కొయ్యమ్మా. బతికితే వీళ్ళ కోడలు, వీళ్ళే తోల్కపోతారు. సస్తే నా బిడ్డ, నేనెత్తకపోయి మా వాళ్ళలో మన్ను చేసుకుంటా. ఆ పాపం వీళ్ళకొద్దు. తవుడిచ్చి నేను కొన్నది ఆ సావునే గదా."

డాక్టరమ్మకు ఆ తవుడు సంగతి ఏం తెలుస్తుంది? తల్లి అన్నది తెలిసింది, కొయ్యమన్నది తెలిసింది. చాలు. తెర పక్కకు లాగి లోపలికి వచ్చింది. నన్ను తీసుకుపోతుంటే కొన్నమ్మ మంచం పక్కన నాలుగడుగులు నడిచి, నా నెత్తిమీద చెయ్యి పెట్టి, "పోయిరా తవుడూ" అంది.

కూతురు పుట్టింది. ఇద్దరం బతికాం. తెలివి వచ్చాక మొదట కనపడింది మా అమ్మ, నా కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. "నేను చెప్పలేకపోతిని" అంది. మిగతాదంతా చెప్పింది గానీ, ఆ ఒక్క సంగతి మేమిద్దరం మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. కొన్నమ్మ రోజూ వచ్చి తెర అవతలే కూర్చునేది. మా అత్త ఆమెతో మాట్లాడలేదు. మనవరాలిని మాత్రం ఒకరోజు తెర పక్కగా ఎత్తి చూపించిందట. కొన్నమ్మ దూరం నుంచే చూసి, ముక్కు వాళ్ళ తాతదే అందట. ఆ తరువాత మా అత్త ఆ మాట సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అలాగని మనసు కరిగిందని చెప్పను. కొన్నమ్మ పేరు మా ఇంట్లో వినపడేది కాదు. జమ్మలమడుగు పోయి వస్తానంటే, పిల్లకు జ్వరమనో, ఇంటికి చుట్టాలనో ఏదో ఒక అడ్డు వచ్చేది. వరసగా కొన్నేళ్ళు నేను ఆమెను చూడలేదు. పులివెందుల నుంచి జమ్మలమడుగు ఎంత దూరమని? బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. ఆ ఒక్క పూట నాకు చిక్కేది కాదు. బాకీ తీర్చాలన్న ఆలోచన కాదు నాది, అట్లాంటిది తీర్చేది కాదని తెలుసు. ఒక్కసారి ఆమె ఎదురుగా కూర్చుని శనక్కాయలు తిని రావాలని ఉండేది.

నా కూతురు వీధిలో ఆడుకునే వయసు వచ్చింది. ఒక ఉదయం బస్సు కండక్టరు మా వీధిన పోతూ అరుగు దగ్గర ఆగాడు. జమ్మలమడుగు బస్సులో పనిచేసే మనిషి, నా కథ తెలిసినవాడే. "మ్మా, ఆ దూది సాయిబులామె పోయిందంట. నిన్ననే మన్ను చేసినారంట. మీకు చెప్పమనిరి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఏడుపు రాలేదు. తిన్నగా పెరట్లోకి నడిచి, కట్టుబట్టలతోనే బావి దగ్గర నిలబడి, నీళ్ళు చేది నెత్తిమీద పోసుకున్నాను. మళ్ళీ చేది మళ్ళీ పోసుకున్నాను. చిన్నప్పుడు ఆమెను తాకి వచ్చినందుకు మా అవ్వ పోసిన నీళ్ళన్నీ గుర్తొచ్చాయి.

చప్పుడు విని మా అత్త వచ్చింది. పొద్దున్నే కట్టుబట్టలతో నెత్తిన నీళ్ళు పోసుకుంటే దాని అర్థం ఎవరికైనా తెలుస్తుంది. కావలసినవాళ్ళు పోతేనే అలా చేస్తారు.

"ఎవురు? ఎవురు పోయినారు?"

"మా అమ్మ."

మా అత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మీ అమ్మనా? మొన్ననే గదా వచ్చిపాయ, గట్టిగానే ఉన్యది గదా?"

"ఆ అమ్మ కాదు" అన్నాను.

ఆమెకు అర్థమైంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. పెళ్ళయిన ఆడబిడ్డకు కన్నవాళ్ళు పోతే మూడు రోజుల మైల. కొన్నవాళ్ళు పోతే ఏమిటో ఏ శాస్త్రంలోనూ లేదు. ఒక్క మాట తేడాగా అని ఉంటే, ఆ రోజు నేను పుట్టింటికో ఎటో వెళ్ళిపోయి ఉండేదాన్ని. అంత తెగించి ఉన్నాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. కాసేపటికి బయటికి వచ్చి, వసారాలో ఒక మూల చాప పరిచి, పక్కన విడిగా ఒక విస్తరాకు, ఒక చెంబు పెట్టింది. మైలలో ఉన్నవాళ్ళకు పెట్టినట్టే.

అప్పుడే నా కూతురు వీధిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి నా మీదికి రాబోయింది. మా అత్త దాన్ని మధ్యలోనే పట్టుకుని చంకనెత్తుకుంది.

"అమ్మను ముట్టుకోగాకు నాయనా" అంది. "మూడు దినాలు మైల. వాళ్ళమ్మ సచ్చిపాయ."

తడిబట్టలతో ఆ చాప మీద కూలబడి, అప్పుడు ఏడ్చాను.